టీచరమ్మ హాజరైన సమావేశం

ఏప్రిల్ నెల, రెండో బుధవారం, సాయంత్రం ఆరు గంటలు. లింబాయత్‌లోని మా సంఘం గది.

హాజరైనవారు: సంఘం అధ్యక్షుడు, పద్దెనిమిది సాంచాల ఆసామి. ఉపాధ్యక్షుడు, ఇడ్లీ హోటలు నడుపుతాడు. హజీరా ఫ్యాక్టరీలో పనిచేసే సభ్యులు ఇద్దరు, కంపెనీ బస్సు దిగి నేరుగా వచ్చారు. సాంచాలు బాగుచేసే మేస్త్రీ. టీచరమ్మ. సభ్యత్వం లేకపోయినా గడప దగ్గర నిలబడ్డ ఒకామె, భర్త పోయాక ఎనిమిది సాంచాలు తానే నడిపించుకుంటోంది. కార్యదర్శిగా నేను.

ఇది నా డైరీలో ఉన్న పట్టీ. అదే సాయంత్రం సంఘం తీర్మానాల పుస్తకంలో నేనే రాసిన పట్టీ వేరు. అందులో ఒక సభ్యుడు తక్కువ. మామూలుగా ఉండని ఇంకో మనిషి పేరు మాత్రం ఉంది. ఈ రెండు పట్టీలూ ఎందుకు కలవలేదో రాయడానికి కూర్చున్నాను. తెలియనివారి కోసం చెబుతున్నాను, మరమగ్గాలను మేము సాంచాలు అంటాం. సూరత్‌లో మా వాళ్ల బతుకంతా వాటి చప్పుడులోనే గడుస్తుంది.

నేను కరీంనగర్ జిల్లా నుంచి ఇరవై ఏళ్ల వయసులో వచ్చాను. నేత నా చేతికి అబ్బలేదు. లెక్క, రాత బాగుండటంతో జోల్వాలో ఒక కార్ఖానాలో మెహతాజీగా, అంటే గుమాస్తాగా, కుదిరాను. ఏ సాంచా మీద ఎన్ని తాకాల, అంటే తానుల, బట్ట దిగిందో రాయడమే నా పని. రిటైరయ్యేదాకా అదే కార్ఖానా, అదే బల్ల. ప్రతి ఉదయం ఆరింటికి లేచి నిన్నటి సంగతి డైరీలో రాసుకోవడం ఆ రోజుల్లోనే అలవాటైంది. రాత్రి రాస్తే కోపంలో రాస్తాం, పొద్దున రాస్తే ఉన్నది రాస్తాం అని నా నమ్మకం. అందరూ నన్ను మెహతా మామ అంటారు. టీచరమ్మ ఒక్కరే మెహతన్నా అంటారు.

సంఘం పుస్తకం సంగతి ముందు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట బతుకమ్మ ఏ మైదానంలో ఆడాలన్న దగ్గర సంఘం రెండుగా చీలింది. ఎవరు ఎటు చేయెత్తారో పేరుపేరునా నేను పుస్తకంలో రాశాను. ఆ పేజీలు జిరాక్సు తీయించి ఒకరి మీద ఒకరు అర్జీలు పెట్టుకున్నారు. వియ్యంకులు మాట్లాడుకోవడం మానేశారు. సంఘం గదికి రెండేళ్లు తాళం పడింది. మళ్లీ కలిసినప్పుడు పెద్దలంతా ఇంకెప్పుడూ ఇట్లా కాకుండా ఏం చేద్దామని అడిగితే, నేనే ఒక ఉపాయం చెప్పాను. ఇకమీద ప్రతి తీర్మానం ఏకగ్రీవంగానే రాద్దాం, ఒప్పుకోనివాళ్లను ఆ రోజు సభకు రాలేదని రాద్దాం అన్నాను. వ్యతిరేకించినట్టు కాగితం మీద ఉండదు కాబట్టి పగలుండవు. అందరూ మెచ్చుకున్నారు. అప్పటి అధ్యక్షుడు నాకు శాలువా కప్పాడు. నాకూ అది మంచి ఏర్పాటుగానే కనిపించింది.

ఆ ఏర్పాటు వల్ల పుస్తకంలోంచి మాయమైన మనిషి టీచరమ్మ. ఆమె ప్రతి సమావేశానికీ వచ్చేవారు, ముందు వరసలో కూర్చునేవారు, మాట్లాడేవారు, చివర ఒప్పుకోనని చెప్పి వెళ్లేవారు. ఎవరో నాయకుడికి సన్మానం అంటే ఒప్పుకోరు. ఆడపిల్లల చదువు గది కన్నా పెళ్లి భోజనాల హాలు ముందు అంటే ఒప్పుకోరు. నేను ఆమె సభకు రాలేదని రాసేవాణ్ణి. ఒకసారి పుస్తకమంతా తిరగేస్తే ఆమె హాజరైనట్టు నాలుగు చోట్ల ఉంది. నాలుగూ సంతాప సభలే. ఆ మాట ఆమెకు చెబితే పకపకా నవ్వి, "నీ పుస్తకం ప్రకారం నేను ఎవరన్న సచ్చినప్పుడే బయటికొస్త మెహతన్నా" అన్నారు.

ఆమె ఇరవై ఒకటో ఏట పెళ్లిచేసుకుని ఈ ఊరు వచ్చారు. భర్త రెండు పాళీలు సాంచా నడిపేవాడు, అంటే పగలూ రాత్రీ. ఆమె మన దగ్గర టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఉండటంతో ఇక్కడి తెలుగు మీడియం బడిలో ఉద్యోగం దొరికింది. పిల్లలు బడికి రాకుండా ఇళ్లలో నూలు కండెలు చుడుతుంటే, పొద్దున్నే సందు సందూ తిరిగి చేతులు పట్టుకుని తీసుకుపోయేవారు. సాయంత్రాలు మా సంఘం గదిలోనే ఆడవాళ్లకు సంతకం నేర్పేవారు. గడప దగ్గర నిలబడ్డామె అని పైన రాశానే, ఆమె కూడా అట్లా నేర్చుకున్న మనిషే.

టీచరమ్మ రాజకీయాల్లోకి వచ్చింది మా కార్ఖానా గేటు దగ్గర నుంచి. జోల్వాలో ఒకతని వేళ్లు సాంచా బెల్టులో పోయాయి. సేఠ్ ఆ మనిషి మా దగ్గర పనిచేయలేదన్నాడు. టీచరమ్మ బస్సెక్కి వచ్చి, నా బల్ల ముందు నిలబడి, రిజిస్టరు చూపించమన్నారు. సేఠ్ లేరు, చూపించకూడదు అన్నాను. చూపించినా అందులో ఏమీ ఉండేది కాదు. మా రిజిస్టర్లో సాంచా నంబరు ఉండేది, మనిషి పేరు ఉండేది కాదు. ఆ సంగతి ఆమెకు నేను అప్పుడు చెప్పలేదు. కొన్నేళ్ల తర్వాత చెప్పాను. "అది తెలిసే నేను బడి ఉద్యోగం వదిలిన" అన్నారు. ఎట్లా తెలిసింది అని అడగబోయి ఊరుకున్నాను.

కార్మిక శాఖ ఆఫీసు మెట్ల మీద ఆమె ధర్నాకు కూర్చున్న రోజులు నా డైరీలో ఉన్నాయి. మొదట మా వాళ్లు నలుగురు. తర్వాత ఒడియా వాళ్లు, యూపీ వాళ్లు, మరాఠీలు. ఆమె ఒడియాలో నాలుగు మాటలు నేర్చుకుని, వాళ్లంతా కలిసి తినే అన్నం గదులకు పోయి వాళ్ల పేర్లు కాగితాల మీద రాసుకునేవారు. ఆ కాగితాలు చూసే ఒక జాతీయ పార్టీ వాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆమెను ఢిల్లీ పిలిచి కార్మిక విభాగంలో పదవి ఇచ్చారు. ఆ తర్వాత పన్నెండేళ్లు ఆమె స్లీపరు బోగీల్లో దేశం తిరిగారు. మన తెలుగు యాస హిందీలోనే మాట్లాడేవారు, యాస దాచుకునేవారు కాదు. ఒక రాత్రి టీవీ చర్చలో వస్తున్నారని తెలిసి హోటలు ఉపాధ్యక్షుడు కుర్చీలన్నీ తిప్పి వేశాడు. గంటసేపు చూశాం. ఆమెకు రెండు వాక్యాలు దక్కాయి. మూడో వాక్యం మధ్యలో ప్రకటన వచ్చింది. అయినా మేమంతా చప్పట్లు కొట్టాం.

పార్టీ ఒకసారి లోక్‌సభ టికెట్టు ఇచ్చింది. గెలుపు మీద పార్టీకే ఆశ లేని ఏడాది అది. ఓడిపోయారు. రెండోసారి టికెట్టు ఖాయమని చెప్పి, చివర వారంలో వేరే ఆయనకు ఇచ్చారు. బయటి రాష్ట్రం మనిషికి ఇస్తే ఇక్కడివాళ్లు ఓటెయ్యరన్నారట. అప్పటికి ఆమె సూరత్‌లో ఉండబట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఢిల్లీలో ఆమెను గుజరాత్ ప్రతినిధి అని పరిచయం చేసేవారు. గుజరాత్‌లో దక్షిణాది బెన్, అంటే దక్షిణాది చెల్లెమ్మ, అనేవారు. కరీంనగర్ పోతే సూరత్ టీచరు. అన్ని చోట్లా దండలు వేసేవారు గానీ కూర్చోమనేవాళ్లు తక్కువ.

ఈసారి ఏ పార్టీ లేకుండా నిలబడ్డారు. స్వతంత్రులకు పదిమంది ఓటర్లు ప్రతిపాదకులుగా సంతకం చేయాలి. మా సందుల్లో పదిమందిని వెతకడానికి పదకొండు రోజులు పట్టింది. మనుషులు లేక కాదు. మా వాళ్లలో చాలామంది ఓటు ఊళ్లోనే ఉంచుకుంటారు. అక్కడ ఎన్నికలొస్తే బస్సు పంపిస్తారు, పోతే తల్లిదండ్రులనూ పొలాన్నీ చూసి రావచ్చు. ఇక్కడ ముప్పై ఏళ్లున్నా ఓటర్ల జాబితాలో ఉండరు. టీచరమ్మ జీవితంలో సగం ఇక్కడ ఓటు నమోదు ఫారాలు నింపించడంలోనే పోయింది. ఆ పదిమందిలో నేనూ ఒకణ్ణి. నామినేషన్ ఫారం కూడా నేనే నింపాను. ఎక్కడా కొట్టివేత లేకుండా నింపాను.

ఇక ఆ వారం జరిగిన సంగతి. టీచరమ్మ నామినేషన్ వేసిన రోజునే మా సందుల్లో ఇరవై మూడు షెడ్లకు నోటీసులు అంటించారు. నిప్పంటుకుంటే బయటపడటానికి రెండో తలుపు లేదు, వారంలో ఏర్పాటు చేయకపోతే సీలు వేస్తాం అని. షెడ్లకు రెండో తలుపు లేని మాట నిజం. వెనకాల ఇంకో షెడ్డు గోడ ఉంటుంది. తలుపు పెట్టాలంటే పక్కవాడి మగ్గం తీసెయ్యాలి. ఆ మర్నాడు ఒక పెద్ద పార్టీ మనిషి అధ్యక్షుడి ఇంటికి వచ్చి చాయ్ తాగాడు. నోటీసుల మాట ఎత్తలేదు. టీచరమ్మ ఆరోగ్యం అడిగాడు. ఎన్నికలప్పుడు అధికారులకు కూడా ఒత్తిడి ఎక్కువ ఉంటుంది, మన ప్రాంతంలో పోటీ గీటీ లేకుండా ప్రశాంతంగా ఉంటే వాళ్లూ ప్రశాంతంగా ఉంటారు అని చెప్పి లేచాడట. అంతే. ఫిర్యాదు చేద్దామంటే చేయడానికి అందులో ఒక్క మాట లేదు. నామినేషన్ ఉపసంహరణకు గురువారం చివరి రోజు. అధ్యక్షుడు బుధవారం సాయంత్రం సమావేశం పెట్టాడు.

సంఘం గది పక్కగోడకు ఆనుకుని సాంచాలు నడుస్తుంటాయి. మాట్లాడాలంటే గొంతు పెంచాలి. అధ్యక్షుడు ఎండల గురించి మొదలుపెట్టాడు. టీచరమ్మ కళ్ల ఆపరేషన్ గురించి అడిగాడు. ఈ వయసులో జీపులో తిరగడం కష్టమన్నాడు. మేస్త్రీకి సాంచాల చప్పుడుకు చెవులు సగం పోయాయి, ఆయన అరచెయ్యి చెవికి ఆనించుకుని ఓపిగ్గా విన్నాడు.

"సీదా చెప్పరాదూ. టీచరమ్మను పోటీ నుంచి తప్పుకోమంటున్నవ్" అన్నాడు మేస్త్రీ చివరికి.

"నేనంటలేనే. పరిస్థితి అంటున్నది."

"పరిస్థితి మొన్న మీ ఇంట్ల చాయ్ తాగి పోయింది గదా" అన్నాడు మేస్త్రీ. "బిస్కెట్లు గూడ పెట్టినవంట."

హజీరా సభ్యులు తలలు వంచుకుని నవ్వారు. అధ్యక్షుడికి కోపం రాలేదు. ఆయన చెడ్డవాడని నేను రాయలేను. ఆ నోటీసుల్లో ఆయన షెడ్డు లేదు. ఆయన షెడ్డుకు రెండు తలుపులున్నాయి. అయినా నాలుగు రోజులుగా ఇరవై మూడు ఇళ్లవాళ్లూ ఆయన వాకిట్లోనే కూర్చుంటున్నారు. సీలు పడితే ఆ షెడ్లలో పాళీకి ఇద్దరో ముగ్గురో చేసేవాళ్లు రోడ్డు మీద పడతారు. పెళ్లిళ్ల సీజను, సాంచాలు ఆగకుండా నడవాల్సిన నెల.

ఆయన టీచరమ్మ వైపు తిరిగి మెల్లగా ఒక మాట అన్నాడు. "రెండో తలుపు కావాలని మొదలు అడిగింది మీరే గదా టీచరమ్మా. అర్జీ గూడ మీరే ఇచ్చిన్రు. వాళ్లు గదే రాసిన్రు."

అది నిజం. ఆరేళ్ల కిందట ఒక షెడ్డులో పొగ నిండి ఇద్దరు స్పృహ తప్పినప్పుడు ఆమె అర్జీ ఇచ్చారు. దానికి నకలు రాసింది నేను. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆమె మాటలే దాదాపు ఉన్నవి ఉన్నట్టు నోటీసులో ఉన్నాయి. టీచరమ్మ నోటీసు చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు పైకి జరిపి చదివారు. చాలాసేపు చదివారు. చదివి మడిచి బల్ల మీద పెట్టి, రెండో తలుపు కావాలని ఇప్పటికీ అంటాను అన్నారు.

తర్వాత ఆమె ఎందుకు నిలబడ్డారో చెప్పారు. ఎక్కువ చెప్పలేదు. నేను గెలవనని నాకు తెలుసు, నేను గెలవడానికి నిలబడలేదు అన్నారు. మనం ఈ ఊళ్లో ఎంతమందిమో ఎవరికీ తెలవదు. కార్ఖానా రిజిస్టర్లో లేము, ఓటర్ల జాబితాలో సగం లేము. కనీసం ఓట్ల లెక్కింపు రోజు ఒక కాగితం మీద నా పేరు పక్కన ఒక అంకె పడుతుంది. పది వేలో ఇరవై వేలో, ఎంతైతే అంత. అది మన అంకె. తర్వాత వచ్చేవాళ్లు ఎవరైనా ఆ అంకె పట్టుకుని మాట్లాడొచ్చు. నాకు కావలసింది అదొక్కటే. ఈ మాటలు నా డైరీలో దాదాపు ఆమె అన్నట్టే ఉన్నాయి.

అప్పుడు గడప దగ్గర నిలబడ్డామె లోపలికి ఒక అడుగు వేసింది. సభ్యురాలు కాదు కాబట్టి కూర్చోలేదు. ఆమె జుట్టుకు పత్తి నూగు అంటుకుని ఉంది, పాళీ మధ్యలో వచ్చినట్టుంది.

"మీరు గెలుస్తరా టీచరమ్మా?" అని అడిగింది. ఆ ముందు మాటలు విననట్టు అడిగింది.

"గెలువనే బిడ్డా."

"మరి మనమెంతమందిమో తెలుస్తది అంటున్నరు. తెలిస్తే ఏమయితది?"

వాదించడానికి అడిగిన ప్రశ్న కాదది. ఆమెకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. టీచరమ్మ చెబితే నమ్మడానికి సిద్ధంగా ఉన్న మనిషిలాగే నిలబడింది. టీచరమ్మ ఎన్నో సభల్లో, ఎన్నో ఊళ్లలో, మైకుల ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పారు. నేను విన్నాను. ఆ జవాబులన్నీ నాకూ వచ్చు. ఆ సాయంత్రం మాత్రం ఆమె వాటిలో ఒక్కటీ చెప్పకుండా నోటీసు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. గోడ అవతల ఒక సాంచా ఆగింది, పోగు తెగినట్టుంది.

"నీ షెడ్డుకు నోటీసు ఎన్ని రోజులుంది?" అని టీచరమ్మ అడిగారు.

"శుక్రవారం దాక."

"నీ దగ్గర ఎంతమంది చేస్తున్నరు?"

"నేను గాక నలుగురు. ఇద్దరు ఒడియా పోరగాండ్లు షెడ్డులనే పండుకుంటరు. సీలేస్తే వాళ్లకు పండుకునే జాగ గూడ లేదు."

టీచరమ్మ తల ఊపారు. నీళ్లు అడిగి తాగారు. తర్వాత నావైపు తిరిగారు. "రాయి మెహతన్నా. పోటీ నుంచి తప్పుకోమని సంఘం కోరిందని రాయి. నేను హాజరున్ననని గూడ రాయి."

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. ఆయన ఆమెతోపాటు కార్మిక శాఖ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న మొదటి నలుగురిలో ఒకడు. వినపడక లేచాడేమో అనుకుని ఉపాధ్యక్షుడు చెవి దగ్గర వంగి మళ్లీ చెప్పబోయాడు. మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మళ్ల చెప్పకు, నాకు ఇనబడ్డది" అన్నాడు. "అక్కా, నీ పేరుతోని నేను నాలుగు వందల గడపలు ఎక్కిన. రేపు మళ్ల ఎక్కాల్నా? ఏమని చెప్పాలె?"

"ఏమని చెప్తవో నాకు తెలుస్తలేదు తమ్మీ" అన్నారు టీచరమ్మ.

ఆయన చెప్పులు వేసుకుంటూ నాతో, "మామా, నేను రాలేదని రాసుకో. ఈసారి నిజంగనే లేను" అని వెళ్లిపోయాడు.

పుస్తకం తెరిచి తేదీ వేశాను. హాజరైనవారి పేర్లు రాయడం మొదలుపెట్టాను. నాకు అప్పటిదాకా ఏమీ మాట్లాడాలనిపించలేదు. అధ్యక్షుడు ఏకగ్రీవంగా అని చెబుతుంటే మాత్రం ఆ మాట రాయలేకపోయాను. ప్రతిపాదకుడిగా ఆమె ఫారం మీద సంతకం పెట్టినవాణ్ణి నేను. నాకు సమ్మతం కాదు అన్నాను. చిన్నగా అన్నాను. సాంచాల చప్పుడులో వినపడలేదేమో అని మళ్లీ అన్నాను.

అధ్యక్షుడు నావైపు చూశాడు. ఆయన కళ్లల్లో ఎకసెక్కం లేదు, అలసట ఉంది. "సమ్మతం లేకపోతే రాలేదని రాయాలె మామా. అది నువ్వు పెట్టిన కాయిదానే. నువ్వు రాకపోతే మరి పుస్తకం ఎవరు రాసిన్రు?"

ముందు ఉపాధ్యక్షుడు నవ్వాడు. తర్వాత హజీరా వాళ్లిద్దరూ. గడప దగ్గరామె కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. నాకే నవ్వు వచ్చింది. టీచరమ్మ కూడా నవ్వారు, చాలా రోజులకు. ఆ నవ్వు ఆగేలోపల నేను హాజరు పట్టీలో నా పేరు రాశాను. ఆమె పేరు రాశాను. మేస్త్రీ పేరు రాయలేదు. "టీచరు గారు తమ అనారోగ్యం దృష్ట్యా లోక్‌సభ పోటీ నుంచి విరమించుకోవలసిందిగా సంఘం ఏకగ్రీవంగా కోరడమైనది" అని రాశాను. అనారోగ్యం అన్న మాట అధ్యక్షుడిది. టీచరమ్మ చదివి, ఏమీ మార్చకుండా సంతకం చేశారు. సంతాప తీర్మానాలు కాకుండా ఆ పుస్తకంలో ఆమె చేసిన మొదటి సంతకం అది.

ఏడున్నరకు ఇల్లు చేరాను. మా ఇంటావిడ ఏమైందని అడిగింది. తప్పుకుంటున్నారు అన్నాను. ఎవరు తప్పించారని అడిగింది. ఎవరి పేరు చెప్పాలో తెలియక, సంఘం అన్నాను.

మర్నాడు గురువారం. ఆరింటికి లేచి డైరీలో పై పట్టీ రాసుకున్నాను. అన్ని పేర్లూ రాశాను. తొమ్మిదింటికి టీచరమ్మ అధ్యక్షుడి కారులో వచ్చి మా సందు చివర ఆగారు. ఆ కారు ఎక్కనంటారనుకున్నాను. ఎవరి కారైతే ఏముంది అన్నారు. దారిలో నాతో పిల్లల సంగతులు మాట్లాడారు, ఫలానా బ్యాచిలో ఫలానా పిల్ల ఇప్పుడు డాక్టరు అయ్యిందని, ఇక్కడే ఆస్పత్రిలో చేస్తోందని. అద్దంలోంచి రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లు చూస్తూ మాట్లాడారు. నేను ఊఁ కొడుతున్నాను. ఒకచోట, వెనక్కి తిప్పమందాం అని అనబోయాను. అని ఏం చేయాలో తెలియలేదు. శుక్రవారం సీలు వేస్తే ఆ ఎనిమిది సాంచాలామెకు నేనేం చెబుతాను? కలెక్టరు ఆఫీసు వచ్చేసింది.

ఉపసంహరణకు ఒక చిన్న ఫారం ఉంటుంది. నామినేషన్‌కు మేము నింపిన కాగితాలు గుట్టెడు. దీనికి అర పేజీ. అధికారి కుర్రవాడే, మర్యాదస్తుడు. ఇది మీ ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా అని గుజరాతీలో అడిగాడు. అడగడం ఆయన విధి. టీచరమ్మ ఆయన ముఖంలోకి చూసి, అవును అన్నారు. సంతకం పెట్టారు. ఆయన గడియారం చూసి టైము వేశాడు, పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ప్రతిపాదకుడు ఎవరైనా వచ్చారా అంటే నన్ను చూపించారు. నేను నిలబడ్డాను. నాతో వాళ్లకు పనేమీ లేదు, కూర్చోమన్నారు.

బయట వరండాలో ఒకాయన మాకోసం ఎదురుచూస్తున్నాడు. పక్క తాలూకా రైతు, ఆయన కూడా స్వతంత్ర అభ్యర్థే. తెల్ల టోపీ, చేతిలో గుడ్డ సంచి. టీచరమ్మకు నమస్కారం పెట్టి, బెన్, మీరు తప్పుకున్నారని లోపల విన్నాను, నిజమేనా అని అడిగాడు. నిజమే అన్నారు. ఆయన ముఖం వెలిగింది, వెంటనే సిగ్గుపడ్డాడు. సంగతి ఏమిటంటే, స్వతంత్రులు కోరుకునే గుర్తుల్లో ఆయన మొదట పలక రాశాడట. టీచరమ్మ కూడా మొదట పలకే రాశారు. ఇద్దరూ ఉంటే సాయంత్రం చీటీలు వేసేవాళ్లు. నాలుగు రోజులుగా చీటీ ఎవరికి వస్తుందోనని తనకు నిద్ర లేదని చెప్పాడు. మీకు బాధ కలిగిస్తున్నానేమో గానీ నాకు పలక దొరికింది బెన్ అన్నాడు. మా ఇద్దరికీ చాయ్ చెప్పాడు.

వద్దనలేక వరండా మెట్ల మీద కూర్చుని తాగాం. ఆయన మంచివాడు. తనది చెరుకు పండే ఊరని, కాలువ నీళ్ల కోసం నిలబడ్డానని చెప్పాడు. టీచరమ్మ శ్రద్ధగా విన్నారు. సగం చాయ్ తాగాక, మీకు ఒక మాట చెప్పనా అన్నారు. ఆ గుర్తును చిన్నగా నల్ల గీతలతో అచ్చు వేస్తే చూసేవాళ్లు మొబైలు అనుకుంటారు. నేను అచ్చాఫీసులో వేయించి చూసుకున్నాను. మీ పోస్టర్ల మీద పలక మధ్యలో ఒక అక్షరం రాయించండి, అప్పుడు పలక అని తెలుస్తుంది.

ఆయన గుజరాతీలో, "ఏ అక్షరం రాయించమంటారు?" అని అడిగాడు.

టీచరమ్మ గ్లాసు మెట్టు మీద పెట్టారు. "మీ ఊరి ఆడవాళ్లకు మొదట ఏ అక్షరం వస్తే అది" అన్నారు.

ఆయన సంచిలోంచి కాగితం తీసి రాసుకున్నాడు. తర్వాత గుర్తులు ఎప్పుడు ఇస్తారో కనుక్కోవడానికి లోపలికి పరిగెత్తాడు. మేము కారు కోసం గేటు దాకా నడిచాం. ఎండ బాగా ముదిరింది. గేటు దగ్గర మేస్త్రీ నిలబడి ఉన్నాడు, లింబాయత్ నుంచి షేరింగ్ ఆటోలు మారి వచ్చినట్టున్నాడు. మూడింటిదాకా టైముందట గదా అక్కా, ఇంక సంతకం పెట్టలే గదా అన్నాడు. ఆయన చెవికి వినపడేలా చెప్పాలంటే గట్టిగా చెప్పాలి. టీచరమ్మకు గొంతు పెంచాలనిపించలేదో, శక్తి లేదో నాకు తెలియదు. ఆయన భుజం మీద చెయ్యి వేసి కారు తలుపు తీశారు. ఆయన నావైపు చూశాడు. అయిపోయింది అని నేనే గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రెండుసార్లు చెప్పాను.